తీసేసిన శరణప్ప వంతు

పొలం దగ్గర మనిషి లేకుండా మోటారు దానంతట అది నడవాలి. తల నెరిసేదాకా నేను చేసిన ఉద్యోగం ఆ ఒక్క పని కోసమే. జహీరాబాద్‌లో హైవే పక్కన షెడ్డు వేసుకున్న చిన్న కంపెనీ మాది. బోరుబావులకు స్టార్టర్ పెట్టెలు చేసేవాళ్లం. పెట్టెలో ఒక సిమ్ కార్డు, వేలిగోరంత చిప్పు ఉంటాయి. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే చేలో మోటారు ఆన్ అవుతుంది. ఆ చిప్పులో ఉండే ప్రోగ్రాం రాసేదాన్ని నేను. పేరు ఎస్తేరు. షెడ్డులో మేడమ్‌ని, మా వీధిలో మాత్రం మోటర్ల ఎస్తేరమ్మని.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. "ఆంటీ, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ చిన్న చిప్పులల్ల ఎట్ల రాయాలె? జర చెప్పున్రి" అంటారు. ఏం చదివారని అడిగితే అందరూ ఒకటే పాఠం అప్పజెప్తారు. జంతువు అనే క్లాస్ ఉంటుందట, అందులోంచి కుక్క పుడుతుందట, మొరగమంటే మొరుగుతుందట. కాలేజీ కుక్కలు మొరుగుతాయి గానీ కరవవు. పొలంలో మనం రాసిన ఆబ్జెక్ట్ కరుస్తుంది. నన్ను కరిచిన సంగతులు చెబుతాను, పనికొస్తే తీసుకోండి.

నాకు నేర్పిన పిల్ల యజమాని

దాదాపు యాభై ఏళ్లొచ్చేదాకా నేను సీ భాషలోనే రాశాను. అందులో పెత్తనమంతా మనదే. ఒకే బోరు పంచుకునే రైతుల్లో ఎవరి వంతు, ఏ వాల్వు, మోటారు ఎప్పుడు, అన్నీ ఒక్కచోట కూర్చుని మనమే చూసుకోవాలి. పాత యజమాని కొడుకు ప్రణీత్ బెంగళూరులో కొన్నాళ్లు పనిచేసి వచ్చి కంపెనీ చేతిలోకి తీసుకున్నాడు. వచ్చిన వారానికే నా ప్రోగ్రాం చూసి మొహం చిట్లించాడు.

"మేడమ్, గిది ఒక్కల్లే సంసారమంత మోసినట్టుంది. పని పంచాలె. సభ్యుడు అని ఒక క్లాస్ రాయున్రి. పేరు, నంబరు, వాల్వు, టైము, అన్ని ఆ సభ్యుని తాననే ఉంటయి. నీ వంతు వచ్చింది నడువుమంటే వాడే నడుస్తడు. మీకు ఫికరే ఉండది."

"నాకు ఫికర్ లేకపోతే ఇంకెవరికి ఉంటుందయ్యా, చిప్పుకా?" అన్నాను. కోపం వచ్చింది. నా కూతురి వయసువాడు నాకు ఓనమాలు దిద్దించడమేమిటని. కానీ మూడు మూరల మొండితనం నాకుంటే వాడికి ఆరు మూరల ఓపిక ఉంది. రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బాలు ముందేసుకుని బోర్డు మీద గీసి చూపించేవాడు. క్లాస్ అంటే ఇటుకల అచ్చు. ఆబ్జెక్ట్ అంటే అందులో పోసిన ఇటుక. అచ్చు ఒకటే, ఇటుకలు ఎన్నయినా. అంతవరకు సులువే.

సులువు కానిది తర్వాత అర్థమైంది. ఈ ఇటుకలు మన మాట వింటాయి, మనం చూడనప్పుడు కూడా పని చేస్తాయి. పుట్టడం, పోవడం రెండూ ఉన్నాయి వాటికి. పుట్టేటప్పుడు చేసే పనుల్ని కన్‌స్ట్రక్టర్ అనీ, పోయేటప్పుడు చేసే ఆఖరి పనుల్ని డిస్ట్రక్టర్ అనీ అంటారు. పేర్లు విని నేను నవ్వాను. ప్రణీత్ నవ్వలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నేర్చుకున్న ఆర్నెల్లు కనిపించినదాన్నల్లా క్లాస్ చేసి పారేశాను. ఎర్ర లైటుకొక క్లాస్, పచ్చ లైటుకొక క్లాస్. మీరూ చేస్తారు. చేసి, తర్వాత సగం చెరిపేయండి.

మేలుకోకముందే దగ్గిన పెట్టె

మొదటి కాటు మొగుడంపల్లి దగ్గర పడింది. అక్కడ ఒక రైతు ఫోన్ చేసి, పెట్టె దగ్గుతోందన్నాడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, పచ్చ లైటు వెలగకముందే లోపల టక్‌మని ఒక చప్పుడు. మోటారు ఒక్క కుదుపుతో కదిలి ఆగిపోతోంది. ఆ తర్వాత కాసేపటికి లైటు వెలిగి, పెట్టె ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉంటోంది. వాళ్లింటి కోడలు పెట్టె వైపు వెళ్లడం మానేసింది. "లోపల ఏదో పండుకొని ఉంది, మనం లేపకముందే అది లేస్తుంది" అందట.

పెట్టె తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టాం. కరెంటు తీసి ఇచ్చాం. టక్. లైటు లేదు. నేను రాసిన మొదటి వరుస దగ్గర ప్రోగ్రామును ఆపేసి మళ్లీ కరెంటు ఇచ్చాను. అంటే నా ప్రోగ్రాం ఇంకా అడుగు కూడా వేయకూడదు. అయినా టక్. పట్టపగలు, నలుగురం చుట్టూ నిలబడి ఉండగా నేను బల్ల మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను మొదలుపెట్టకముందే లోపల ఎవరో పని చేస్తున్నారు.

ఆ కోడలన్న మాట అక్షరాలా నిజం. ప్రోగ్రాం పైభాగంలో, అన్నిటికీ బయట పెట్టిన ఆబ్జెక్టులు అసలు ప్రోగ్రాం మొదలవకముందే పుడతాయి. మోటారు అనే ఆబ్జెక్ట్ పుడుతూనే తన కన్‌స్ట్రక్టర్‌లో మోటారు స్విచ్చిని ముట్టుకుంటోంది. చిప్పు ఇంకా కళ్లు తెరవలేదు, చెయ్యి మాత్రం కదిలింది. పుట్టేటప్పుడు పేరు, నంబరు రాసుకుంటే చాలు, బయటి తీగల్ని ముట్టుకోకూడదు. 'ఇక మొదలుపెట్టు' అని విడిగా ఒక పని రాసి, చిప్పు పూర్తిగా లేచాక దాన్ని పిలవాలి. ఇది నోట్లో తడి ఆరేదాకా చెబుతాను మీకు. ఆ కుదుపు వచ్చిన క్షణంలో మోటారు మీద ఎవరి చెయ్యి ఉంటుందో మీకు తెలియదు.

శరణప్ప ఫోను

రెండో కాటు ఝరాసంగం వైపు. అక్కడ బస్సప్ప, శరణప్ప అని అన్నదమ్ములు. తాతలనాడు కన్నడ దేశం నుంచి వచ్చిన కుటుంబం. పొలాలు పంచుకున్నారు గానీ బోరు ఒక్కటే. పొద్దున నీళ్లు అన్న బస్సప్ప చెరకుకి, మధ్యాహ్నం నీళ్లు తమ్ముడు శరణప్ప అల్లానికి. మా పెట్టె ఆ వంతులు చూసుకునేది. ఎవరి వంతు వస్తే వాళ్ల వాల్వు తెరిచి, మోటారు వేసి, వాళ్ల ఫోనుకి చేసి, "మీ వంతు మొదలైంది" అని రికార్డు చేసిన మాట వినిపించేది. పెద్ద నంబరు బస్సప్పది. సభ్యుల్ని ఎక్కించడం, తీసేయడం ఆయన ఫోనులోంచి మెసేజీ పెడితేనే అవుతుంది.

ఎండాకాలం నడిమధ్యలో శరణప్ప గుండె ఆగి పోయాడు. సొంత పొలం గట్టునే సమాధి చేశారు. దినాలు అయ్యాయో లేదో బస్సప్ప మెసేజీ పెట్టి తమ్ముడి నంబరు తీసేశాడు. పెట్టె కూడా "సభ్యుడిని తొలగించాం" అని జవాబిచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం శరణప్ప వాల్వు తెరుచుకుంది, మోటారు నడిచింది. ఇంట్లో పటం ముందు పెట్టిన శరణప్ప ఫోను మోగింది. ఎత్తితే, "మీ వంతు మొదలైంది."

ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నీళ్లు అల్లం మళ్లు తడిపి, గట్టు కింద సమాధి మొదట్లోకి కూడా పోయేవట. చెరకు కొట్టే కూలీలు మధ్యాహ్నం ఆ వైపు పోవడం మానేశారు. శరణప్ప నీళ్లు కట్టుకుంటున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. బస్సప్ప బయటికి గంభీరంగా ఉన్నా, ఆ వాల్వు కట్టేయడానికి గానీ, తమ్ముడి భార్య నీలమ్మ వైపు కన్నెత్తి చూడడానికి గానీ భయపడ్డాడు. ఆ భయం వల్లే ఎండలు మండుతున్నా ఆమె అల్లం పచ్చగా ఉంది. ఆమెకున్న ఆధారం ఆ పంట ఒక్కటే. అది చేతికి రాకపోతే భూమి బావగారికి కౌలుకిచ్చి కూలికి పోవడమే.

కొన్ని వారాలు చూశాక ఎవరో బస్సప్పకి సలహా చెప్పారట, వయసులో ఉన్నవాడి పేరు పెట్టెలో ఎక్కిస్తే పోయినవాడు పక్కకి తప్పుకుంటాడని. కొడుకు సంతోష్ ట్రాక్టర్ల కంపెనీలో పని చేస్తాడు, పెళ్లీడు కుర్రాడు. అతని నంబరు ఎక్కించి, కొత్తగా చెరకు వేసిన పొలం ముక్కకి సాయంత్రం వంతు పెట్టాడు బస్సప్ప.

శరణప్ప ఫోను ఆ రోజు నుంచి మూగబోయింది. నీలమ్మ అల్లం వైపు వాల్వు తెరుచుకోలేదు, మధ్యాహ్నం నీళ్లు కూడా ఆ కొత్త చెరకుకే పోయాయి. అదే మిట్టమధ్యాహ్నం, చిన్నాన్న వంతు వేళకి, కంపెనీలో బోల్టులు బిగిస్తున్న సంతోష్ జేబులో ఫోను మోగింది. "మీ వంతు మొదలైంది." సాయంత్రం తన వంతుకి మళ్లీ మోగింది. రోజుకి రెండుసార్లు.

చిన్నాన్న సంతోష్ మీదికి వచ్చాడన్నారు ఊళ్లో. కుర్రాడు అన్నం మానేశాడు. జ్వరం. దవాఖానకి పోయారు, దర్గాకి పోయారు, చేతికి తాయెత్తు కట్టారు. చివరికి ఎవరో కంపెనీకి కూడా ఒక ఫోన్ కొట్టమన్నారు. మా వంతు దర్గా తర్వాత వచ్చిందన్నమాట.

పేరు మీద పేరు

మేం వెళ్లేసరికి పొద్దెక్కింది. ప్రణీత్ కారు నడిపాడు. పెట్టె బోరు పక్కన రేకుల గూట్లో ఉంది. ఒక పక్క మనిషెత్తు చెరకు, గాలి లేకపోయినా లోపల ఎక్కడో ఆకులు గీసుకుంటున్న చప్పుడు. ఇంకో పక్క అల్లం. కొసలు ఎండి, ఆకులు చుట్టుకుపోయాయి. అల్లం అవతల గట్టు మీద కొత్త సమాధి.

నేను ల్యాప్‌టాప్ తీగ పెట్టెకు తగిలించి మెమరీ తెరిచాను. మెమరీ అంటే వరుసగా గదులు. ఒక్కో సభ్యుడు కొన్ని గదులు ఆక్రమిస్తాడు. సభ్యుల జాబితాలో ఇద్దరే ఉన్నారు, బస్సప్ప, సంతోష్. లెక్క సరిగ్గానే ఉంది. సంతోష్ కూర్చున్న గదులు చూశాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అతని పేరు అయిపోయిన చోట, ఒక ఖాళీ తర్వాత, రెండక్షరాలు విడిగా నిలబడి ఉన్నాయి. పీ, ఏ.

"గివేంది మేడమ్?" అన్నాడు ప్రణీత్.

శరణప్ప పేరు చివరి రెండక్షరాలవి. అతను కూర్చున్న గదుల్లోనే సంతోష్‌ని కూర్చోబెట్టింది చిప్పు. సంతోష్ పేరు పొట్టిది కాబట్టి మొత్తం కప్పలేదు. కుర్రాడి పేరు కింద నుంచి చిన్నాన్న పేరు తోక బయటికి కనబడుతోంది. ఆ ఎండలో, ఆ తెర మీద అది చూసి నేను దగ్గరికి వంగి మళ్లీ చదివాను. ప్రణీత్ తన చేతి మీద వెంట్రుకలు తడుముకున్నాడు.

జరిగిందేమిటంటే, డిలీట్ అంటే చెరిపేయడం కాదు. ఆ గదులు ఖాళీ అని బోర్డు పెట్టడం, అంతే. లోపల సామానంతా అలాగే ఉంటుంది, ఇంకొకరు వచ్చి చేరేదాకా. సభ్యుల జాబితాలోంచి శరణప్పని తీసేశాం. కానీ వంతుల గడియారం తన దగ్గర విడిగా ఒక గుర్తు పెట్టుకుంది, మధ్యాహ్నం కాగానే ఫలానా గది తలుపు తట్టాలని. దాన్ని పాయింటర్ అంటారు. ఆ గదిలో మనిషి పోయాడని గడియారానికి ఎవరూ చెప్పలేదు. అది రోజూ తలుపు తడుతూనే ఉంది. లోపల మిగిలిన సామాను లేచి, నంబరుకి ఫోన్ చేసి, వాల్వు తెరిచి, పని చేసుకుపోయింది. సంతోష్ ఆ గదిలో చేరాక, అదే తట్టుడికి అతను లేచాడు. మొగుడంపల్లి పెట్టెలా కాక దీంట్లో బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా అదేమీ మరిచిపోలేదు.

ఇది మీరు ప్రతి ఇంటర్వ్యూలో డాంగ్లింగ్ పాయింటర్ అని చిలక పలుకులు పలికే సంగతే. పలకడం వేరు, దాని పక్కన నిలబడడం వేరు.

నీలమ్మ అడిగింది

నేను నీళ్లు తాగడానికి నీడకి వెళ్తే నీలమ్మ వచ్చింది. నడివయసు మనిషి, ఎండకి కమిలిన మొహం. శరణప్ప ఫోను కొంగున ముడేసుకుని ఉంది.

"మేడమ్, నిజం చెప్పున్రి. గది ఆయనేనా?"

"కాదమ్మా. పెట్టెలో లోపం. మేం రాసినదాన్లోనే ఉంది."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె తలూపింది.

"నాకు ఎరుకే. బతికుండంగ ఒక్కనాడన్న యాల్లకు ఫోన్ చేసిండా? అన్నం తినుమని పిలిస్తె సుత పొద్దుగూకినంక వస్తుండె. సచ్చినంక గింత సరిగ్గ ఎట్ల అయితడు?" అని, అల్లం వైపు చూసింది. "మీరు జర వాళ్లకు చెప్పకున్రి మేడమ్. భయముంటేనే నీళ్లొస్తయి. గా భయం బోతే నా బతుకు ఎండుతది."

నేను నీళ్ల సీసా మూత పెట్టేశాను. ఆమె చెప్పింది నిజం. పెట్టెలో లోపం శరణప్ప పేరుతో నడిచినన్నాళ్లు ఆ మనిషికి న్యాయం జరిగింది. అటు చూస్తే, మేం ఇక్కడికి రాకముందు వాళ్లింట్లో చూసి వచ్చాం, మంచం మీద సంతోష్ ఉన్నాడు. గుంటలు పడ్డ కళ్లు, మణికట్టుకి తాయెత్తు, ఫోను మూలకి విసిరేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడికి చెప్పకుండా ఎలా వెళ్తాను? రాసినదాన్ని నేను, నోరు మూసుకుని వాడిని దయ్యానికి వదిలేసి ఎలా వెళ్తాను?

"చెప్పక తప్పదమ్మా, ఆ పిల్లవాడు చచ్చేలా ఉన్నాడు" అన్నాను.

ఆమె కొంగు ముడి బిగించుకుని బోరు దగ్గరికి నడిచింది.

బ్యాటరీ

అందరినీ పెట్టె దగ్గరికి పిలిపించి చెప్పాను. సంతోష్‌ని కూడా లేపుకొచ్చి కూర్చోబెట్టారు. తెర మీద ఆ రెండక్షరాలు చూపించాను. పోయినవాడు ఎక్కడికీ రాలేదు, గడియారం పాత గది తలుపు తడుతోంది, అంతేనన్నాను. సంతోష్ రెండుసార్లు అడిగాడు. "అయితే కాక నా మీద గుస్సగ లేడా మేడమ్?" అన్నాడు. లేడన్నాను. ఆ కుర్రాడు మోకాళ్ల మధ్య తలపెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి నా మనసు తేలికపడింది.

అప్పుడు బస్సప్ప నవ్వాడు. ఇన్నాళ్ల భయం దిగిపోయిన నవ్వు. "గింతేనా! పెట్టె ఖరాబ్ అయితే మేం దయ్యమనుకుంటిమి. మంచిగ జేయున్రి మేడమ్. పగటి వంతు ఖాళీ అయితది కద, గది నా పేరు మీదనే ఎక్కియ్యున్రి. చెరుకుకు సాలుతలేవు నీళ్లు."

సమాధి చూసినప్పుడు, తెర మీద అక్షరాలు చూసినప్పుడు కలగని భయం నాకు ఆ నవ్వు చూస్తే కలిగింది.

"అది నీలమ్మ వంతు కదయ్యా" అన్నాను.

"మేడమ్, పెట్టె జూడనీకి వచ్చిన్రు, పెట్టె జూడున్రి. నీళ్ల పంచాయితి మాది."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది అన్నాను కూడా. ప్రణీత్ నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. బస్సప్ప పట్టించుకోలేదు. నీలమ్మ పక్కన నిలబడి నేలచూపులు చూస్తోంది. ఆమె ఆధారాన్ని నా చేత్తోనే తీసేశాను.

కొత్త ప్రోగ్రాం ఎక్కించాలంటే పాత మెమరీ పూర్తిగా పోవాలి. మెయిన్ స్విచ్ దించి, బ్యాటరీ తీగ పీకి, బ్యాటరీ చేతిలోకి తీసుకున్నాను. పెట్టెలో చిన్న లైటు కూడా ఆరిపోయింది. సిమ్ కార్డు తీసి ప్రణీత్‌కిచ్చాను. శరణప్ప మిగిలిన రెండక్షరాలు కూడా పోయాయి.

"పగటి యాల్ల దాటనియ్యున్రి. మోగకుంటే నమ్ముత" అన్నాడు బస్సప్ప.

సరే అని అందరం నిలబడ్డాం. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. పిట్ట కూడా కూయడం లేదు. చెరకులో ఆకుల గీకుడు ఆగిపోయింది. సంతోష్ తన ఫోను ఎదురుగా రాయి మీద పెట్టుకుని దానివైపే చూస్తున్నాడు. అది మోగలేదు.

నీలమ్మ కొంగులో శరణప్ప ఫోను మోగింది.

నా చేతిలో బ్యాటరీ ఉంది. ప్రణీత్ చేతిలో సిమ్ ఉంది. మా పెట్టె చచ్చి పడి ఉంది. సంతోష్ వెనక్కి జరిగి తండ్రి కాళ్లకి తగిలాడు. బస్సప్ప మొహంలో రక్తం లేదు.

నీలమ్మ తొందరపడకుండా ముడి విప్పి, ఫోను చెవికి పెట్టుకుంది. నేను ఆమెకి ఆనుకునే నిలబడి ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఆడగొంతు, రికార్డు చేసిన మాటలు. మీ ప్లాన్ గడువు ముగిసింది, వెంటనే రీఛార్జ్ చేసుకోండి. ఫోను కంపెనీ వాళ్లది. శరణప్ప పోయినప్పటి నుంచి ఆ ఫోనులో ఎవరూ డబ్బులు వేయలేదు.

"ఆఁ," అంది నీలమ్మ ఫోనులోకి. "ఆఁ. ఎరుకే. చెప్త."

ఫోను దించి, తలెత్తి, బావగారి మొహంలోకి చూసింది. దినాలు అయిన తర్వాత ఆమె ఆయన వైపు సూటిగా చూడడం అదే మొదలేమో.

"నీళ్లు ఇడువుమంటుండు బావా."

బస్సప్ప నా వైపు తిరిగాడు.

"మేడమ్, బ్యాటరీ తీసిన్రు కద?"

నీలమ్మ కూడా నావైపు చూసింది. బతిమాలే చూపు కాదది. ఎదురుచూసే చూపు.

"తీశాను. ఇదిగో, నా చేతిలో ఉంది" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. బస్సప్ప తూలుతున్నట్టు నడిచి వెళ్లి మెయిన్ ఎత్తాడు, చేత్తో బటన్ నొక్కి మోటారు వేశాడు, వంగి శరణప్ప వాల్వు తన చేతులతో తిప్పాడు. నీళ్లు ఎండిన మళ్లలోకి బుడబుడమంటూ వచ్చాయి. ఆయన అక్కడే కూలబడ్డాడు.

"పగటి వంతు నీలమ్మ పేరు మీద ఎక్కియ్యున్రి," అన్నాడు. "నేను సుత తీసేయరాకుంట ఎక్కియ్యున్రి."

ఆ తర్వాత

ఇక పని మాట. చిన్న చిప్పుల్లో అవసరం వచ్చినప్పుడల్లా కొత్త ఆబ్జెక్ట్ పుట్టించి, అవసరం తీరగానే డిలీట్ చేసే అలవాటు పెట్టుకోకండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఎంతమంది సభ్యులు ఉండగలరో ముందే అన్ని గదులు కట్టి పెట్టండి. ఎవరి గది వాళ్లదే. గడియారం దగ్గర గది గుర్తు పెట్టకండి, ప్రతిసారీ జాబితాని అడిగి వెళ్లమనండి. ఒక ఆబ్జెక్ట్‌ని ఎవరు పుట్టించారో, ఎవరెవరు దాని మీద ఆధారపడి ఉన్నారో చెప్పలేకపోతే దాన్ని తీసేసే హక్కు మీకు లేదు. వారసత్వాలు, రూపాంతరాలు అని పుస్తకాల్లో పెద్ద పెద్ద అధ్యాయాలుంటాయి. వాటికంటే ముందు ఇది నేర్చుకోండి.

డిస్ట్రక్టర్‌ని ప్రైవేటుగా పెట్టొచ్చని చదివే ఉంటారు. అలా పెడితే బయటివాళ్లెవరూ ఆ ఆబ్జెక్టును తీసేయలేరు, తనను తాను తీసేసుకుంటే తప్ప. ఎందుకు పనికొస్తుందో నాకు అంతకుముందు అర్థం కాలేదు, ప్రణీత్ కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు. ఆ వారమే మా పెట్టెలన్నిటికీ అలా మార్చాం. ఇప్పుడు ఒక సభ్యుడిని తీసేయాలంటే ఆ సభ్యుడి ఫోనులోంచే మెసేజీ రావాలి. పెద్ద నంబరుకి ఆ అధికారం లేదు. కొందరు పెద్దలు గొడవ చేశారు. చేయనిమ్మన్నాడు ప్రణీత్. పిల్ల యజమాని మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే.

ఆ రోజు మేం కారెక్కబోతుంటే నీలమ్మ గట్టు దాకా వచ్చింది. ఆమె వెనక అల్లం మళ్లలో నీళ్లు నిండుతున్నాయి. దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నాను.

"నీలమ్మా, ఆ ఫోనులో మాట్లాడింది ఎవరో నేను విన్నాను."

"నేను సుత విన్న మేడమ్," అంది, ఫోను మళ్లీ కొంగున ముడేసుకుంటూ. "రీఛార్జ్ చేయించుకోమన్నడు. రేపు పోయి చేయిస్త."